పూజ పీట మీద ఉండిపోయిన డిస్కు

నా తప్పుకు ఇంకొకరు తలవంచుకున్నారు. ఆ బరువును ఏళ్ళ తరబడి మోస్తున్నానని రాయబోయి ఆగాను. మోసింది ఆమె. నేను పక్కన చేతులూపుకుంటూ నడిచాను. అయినా అలసిపోయింది నేనే అయినట్టు ఇక్కడ కూర్చుని మీకు చెప్పుకుంటున్నాను. ఎవరికో ఒకరికి చెప్పాలి కదా. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను. ఆ మాత్రం చాటు ఉంటే తప్ప నోరు పెగలని మనిషిని.

పేరు చెప్పను. ఊరు కర్ణాటకలోని చింతామణి, పని చిక్కబళ్ళాపురంలో. చిన్న చిన్న ఆఫీసులకు సర్వర్లు చూసిపెడతాను. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు, మధ్యలో ఎవరి కంప్యూటరు మొరాయిస్తే వాళ్ళ తిట్లు. ఇది కాక ఇంకో వ్యాపకం ఉంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ఫోనులో ఒక గ్రూపు నడుపుతాను. రోజుకొక చిట్కా, దానికి తోడు చిన్న స్క్రిప్టు, అంటే కంప్యూటరు తనంతట తానే చేసుకుపోయేలా రాసిపెట్టే ఆజ్ఞల చీటీ, తెలుగులో, అప్పుడప్పుడు కన్నడంలో. పాస్‌వర్డును స్క్రిప్టులో రాసి పెట్టవద్దు. బ్యాకప్ తీశానని సంబరపడవద్దు, తీసింది తిరిగి వస్తుందో లేదో చూసుకో. చెరిపే ముందు ఏమేమి చెరుగుతాయో తెర మీద వేసి ఒకసారి చదువు. ఇలాంటివి. మీ చిట్కా వల్ల నిన్న నా పరువు నిలిచింది సార్ అని ఎవరో ఒకరు రాస్తుంటారు. చదివి ఫోను బోర్లించి పెడతాను.

అన్నిటికన్నా ఎక్కువ మంది దాచుకున్న చిట్కా ఒకటుంది. ఒక ఫోల్డరులోకి వెళ్ళి అక్కడి ఫైళ్ళు చెరపమని స్క్రిప్టు రాసేటప్పుడు, 'వెళ్ళు' అనే ఆజ్ఞకూ 'చెరుపు' అనే ఆజ్ఞకూ మధ్య && అని పెట్టండి అని. మొదటిది జరిగితేనే రెండోది జరగాలి అని దానికి అర్థం. అది పెట్టకపోతే, వెళ్ళాల్సిన చోటు అసలు లేకపోయినా యంత్రం ఆగదు. నిలబడిన చోటే నిలబడి అక్కడివే చెరిపేస్తుంది. దీన్ని వివరిస్తూ, నా స్నేహితుడొకడు ఇలా చేశాడు అని రాశాను. ఈ మధ్య గ్రూపులో ఒకమ్మాయి అడిగింది, ఆ స్నేహితుడు ఏమయ్యాడు సార్, ఉద్యోగం పోయిందా అని. ఆ ప్రశ్నను దాటేసి మర్నాటి చిట్కా పెట్టాను. స్నేహితుడా? నాకెక్కడి స్నేహితుడు?

కొన్నేళ్ళ కిందట బాగేపల్లి వైపు పల్లెల్లో నీళ్ళ మీద పనిచేసే ఒక సంస్థ ఉండేది. ఆఫీసు చిక్కబళ్ళాపురంలో. ఇప్పుడది మూతపడింది. వాళ్ళ సర్వరును నేను కాంట్రాక్టు మీద చూసేవాణ్ణి. మా వైపు బోర్ల సంగతి మీకు తెలుసో లేదో. ఎంత లోతుకు దించినా దుమ్మే లేచే నేలలు ఉన్నాయి. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నీళ్ళ పాయింటు చూసేవాడు కాలు ఆపిన చోట బోరు లారీ నిలబడుతుంది. నీళ్ళు పడితే ఊరంతా చెప్పుకుంటారు. పడకపోతే గుంత మీద బండ పెట్టేసి, దాని మాట ఇంట్లో కూడా ఎత్తరు. కొన్నాళ్ళకు పక్క పొలంవాడు అదే రాతి మీద మళ్ళీ దించి మునుగుతాడు. ఆ ఎండిన బోర్ల సంగతులు పెద్దవాళ్ళ నోటనే రికార్డు చేసి పెట్టుకుంటే వెనక వచ్చేవాళ్ళకు పనికొస్తాయని సంస్థ ఆలోచన.

మంచి ఆలోచనే. చెప్పేదెవరు? సంస్థ తరఫున బెంగళూరు నుంచి వచ్చినవాళ్ళు అడిగితే, మాకు బోర్లే లేవప్పా అని లేచి వెళ్ళిపోయేవాళ్ళు. మంజులమ్మ అడిగితే చెప్పారు. ఆమె ఆ వైపే పాతపాళ్య అనే పల్లె కోడలు. హైస్కూలు దాకా కన్నడంలో చదువుకుని, పెళ్ళయ్యాక బాగేపల్లిలో కంప్యూటరు నేర్చుకుని ఆ సంస్థలో చేరింది. ముసలివాళ్ళ పక్కన చేరి, అనపకాయలు ఒలిచిపెడుతూ, ఫోను పక్కన పెట్టి మాటల్లో దించేది. మొట్టమొదట నోరు విప్పింది ఆమె మామే. తన పొలంలో ఎక్కడెక్కడ దుమ్ము లేచిందో, ఎక్కడ ఏ రంగు మట్టి వచ్చిందో, ఏ లోతున రాయి తగిలి డ్రిల్లు మూలిగిందో నవ్వుకుంటూ చెప్పాడు. ఆ మరుసటి ఏడాదే పోయాడు. ఆయన గొంతు మిగిలింది ఆ ఒక్క రికార్డింగులోనే. రికార్డు చేసే ఫోను ఆఫీసుది. సర్వరులోకి ఎక్కించగానే ఫోనులోంచి తీసేయాలి. ఆ నియమం పెట్టింది నేను.

మంజులమ్మ అత్త అప్పుడప్పుడూ ఏదో పని మీద చిక్కబళ్ళాపురం వచ్చి, ఆఫీసు దాకా నడిచి వచ్చేది. కోడలు కంప్యూటరులో ఆ రికార్డింగు పెట్టేది. ముసలామె తల కొంచెం వంచి వినేది. అయిపోగానే లేచి, కొంగు సర్దుకుని వెళ్ళిపోయేది. ఒకసారి మంజులమ్మ ఊళ్ళకు పోయి ఉంటే నేనే పెట్టి వినిపించాను. కాబట్టి ఆ ఫైలు ఎవరికి ఏమిటో నాకు తెలియదని చెప్పడానికి వీల్లేదు.

ఇక నా స్క్రిప్టు. రోజూ తెల్లవారుజామున దానంతట అదే నడిచేది. మొదట ఆ రికార్డింగుల ఫోల్డరులో నిలబడి, బయట తగిలించిన బ్యాకప్ డిస్కును దానికి సరిసమానం చేసేది. ఇక్కడ ఉన్నది అక్కడ పెట్టు, ఇక్కడ లేనిది అక్కడ తీసేయి. ఆ తర్వాత డిస్కులోనే ఉన్న వేరే ఫోల్డరులోకి వెళ్ళి, ఆఫీసు ఫైళ్ళ పాత కాపీలలో నెల దాటినవి చెరిపేది. 'వెళ్ళు'కూ 'చెరుపు'కూ మధ్య ఆ రెండు గుర్తులూ లేవు. తొందరలో రాశాను. నడుస్తోంది కదా అని వదిలేశాను. నడుస్తున్నదాన్ని కెలకవద్దు అనేది కూడా మా పనిలో ఒక చిట్కానే లెండి.

ఆయుధ పూజ వచ్చింది. మా వైపు ఆఫీసుల్లో ఆ రోజు కంప్యూటర్లు తుడిచి, విభూతి రాసి, కుంకుమ పెట్టి, బూడిదగుమ్మడికాయ పగలగొట్టి, బొరుగులు పంచుకుని ఇళ్ళకు పోతారు. పీట మీద పెట్టిన పనిముట్టును మర్నాడు పూజ తీసేదాకా ఎవరూ ముట్టకూడదు. సర్వరును ఆపడం కుదరదు. పల్లెల్లో బిగించిన నీటిమట్టం మీటర్ల నుంచి పండగ లేదు పబ్బం లేదు, అంకెలు వస్తూనే ఉంటాయి. అయినా పీట మీద నాది ఏదో ఒకటి ఉండాలి కదా. డ్రైవరు జీపు తాళం పెట్టాడు. మంజులమ్మ తన రికార్డింగు ఫోను పెట్టింది. నేను బ్యాకప్ డిస్కును ఊడదీసి, మెత్తని గుడ్డతో తుడిచి, బొట్టు పెట్టి పీట మీద ఉంచాను. నా పనికి ఆయువుపట్టు అదే కదా అని గొప్పగా కూడా ఉంది. ఒక్క రోజుకు ఏమవుతుందిలే అనుకున్నాను.

మర్నాడు తెల్లవారుజామున స్క్రిప్టు నడిచింది. డిస్కు లేదు. వెళ్ళమన్న చోటు లేదు. అది రికార్డింగుల ఫోల్డరులోనే నిలబడిపోయి, అక్కడ నెల దాటినవన్నీ చెరిపేసింది. పొద్దున్నే నేను వచ్చి, పూజ తీసి, డిస్కుకు దండం పెట్టి మరీ తిరిగి తగిలించాను. ఆ మరుసటి తెల్లవారుజామున స్క్రిప్టు తన మొదటి పని చేసింది. ఇక్కడ లేనివన్నీ అక్కడా తీసేసింది. నా మాట అంత తు.చ. తప్పకుండా విన్నది ఈ జన్మలో అదొక్కటే.

మొదట చూసింది మంజులమ్మే. ఎవరో రైతు, బోరు వేయించాలి, పక్క పొలం సంగతి వినిపించమని వచ్చాడు. ఆమె వెతికితే దొరకలేదు. మొన్న మొన్నటివి తప్ప ఏవీ దొరకలేదు. ఆఫీసంతా గోల అయింది. మేనేజరు అందర్నీ పిలిచి, ఈ మధ్య ఎవరైనా ఏమైనా చెరిపారా అని అడిగాడు. నేను మాట్లాడలేదు. ఆ క్షణానికి నాకు నిజంగానే తెలియదు. మంజులమ్మ మాత్రం, పండగ ముందు గాలి చప్పుడు తప్ప ఏమీ లేనివి కొన్ని తీసేశానని ఒప్పుకుంది. అది నిజమే. సర్వరులో జాగా నిండిపోతోంది, పనికిరానివి ఉంటే తీసేయమ్మా అని ఆమెకు చెప్పింది కూడా నేనే. తీసింది ఏవో నాలుగైదు. కానీ అంతమందిలో జవాబు చెప్పింది ఆమె ఒక్కతే. ఇక అందరి చూపూ అటే తిరిగింది.

నేను సర్వరు ముందు కూర్చున్నాను. ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. పీట గుర్తొచ్చింది. అప్పుడు నేనేం చేశానో మీకు చెప్పాలి, ఎందుకంటే తప్పు మొదలైంది అక్కడే. అంతకుముందుది పొరపాటు, ఎవరైనా చేయగలిగింది. స్క్రిప్టు తెరిచాను. && పెట్టాను. సేవ్ చేసి మూసేశాను. బయటికి వచ్చి, పోయినవాటిని వెనక్కి రప్పించడానికి ప్రయత్నిస్తాను సార్ అని మేనేజరుతో అన్నాను. ప్రయత్నించాను కూడా, తిండి మానేసి. కొన్ని ముక్కలు వచ్చాయి. పెట్టి వింటే బుసబుసమనే చప్పుడు తప్ప మాట లేదు. నా శ్రమను మేనేజరు అందరి ముందూ మెచ్చుకున్నాడు. మంజులమ్మ కూడా వింటోంది.

ఎందుకు చెప్పలేదు? కాంట్రాక్టు మళ్ళీ రాసే రోజులు, అందుకా? కొంత అదే. మా ఊళ్ళో కంప్యూటరంటే ముందు నా పేరే చెప్తారు, ఆ పేరు పోతుందనా? అదీ కొంత. కానీ తవ్వి చూసుకుంటే అడుగున ఉన్నది వేరే. బ్యాకప్ డిస్కుకు బొట్టు పెట్టి పీట మీద కూర్చోబెట్టానని తెలిస్తే బెంగళూరు వాళ్ళు నవ్వుతారని. వాళ్ళు నా తోటివాళ్ళకు చెప్పుకుని నవ్వుతారని. అంతే. ఆ నవ్వుకు జడిసి ఒక మనిషిని ముందుకు తోశాను. రాసి చూసుకుంటే ఎంత చిల్లరగా ఉందో. ఇన్నాళ్ళూ ఇంకాస్త పెద్ద కారణం ఏదో ఉందని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

ఆ వారంలోనే ఒక సాయంత్రం చిక్కబళ్ళాపురం బస్టాండులో ఆమె నా దగ్గరికి వచ్చింది. ఆమె బాగేపల్లి బస్సుకు, నేను చింతామణి బస్సుకు. మొహం పీక్కుపోయి ఉంది.

"అన్నా, ఒగ మాట అడగతా, దాచకుండా చెప్పు," అంది. "నా చేత్తోనే పోయినాయా అవన్నీ?"

నేను బస్సు వచ్చే వైపు చూశాను. రాలేదు.

"నేను ఒగొగటీ విని, చూసే తీసినా. కానీ ఇప్పుడు తలుచుకుంటే యాది నొక్కినానో నాకే తెలీకుండా ఉండాది. మా మామది గూడా నేనే తీసేసినానా అన్నా?"

"అయ్యుండొచ్చమ్మా," అన్నాను. "ఒగటి పట్టుకోబోతే గుంపంతా సెలెక్ట్ అయిపోతాది ఒక్కోసారి. ఎవురికైనా అయ్యేదే. మనసులో పెట్టుకోవద్దు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "నువ్వన్నా తిట్టకుండా చెప్పినావు," అంది. బస్సు వచ్చాక కిటికీలోంచి నాకు చెయ్యి కూడా ఊపింది.

అయ్యుండొచ్చు. చూశారా, అబద్ధమైనా ధైర్యంగా ఆడలేదు. నువ్వే చేశావు అని ఉంటే ఆమె ఎదురు తిరిగి ఉండేదేమో, నేను చేయలేదని వాదించి ఉండేదేమో. నేను ఓదార్చాను. ఓదార్చి ఆ నేరాన్ని ఆమె ఒళ్ళో పెట్టాను. ఆమె దాన్ని నా మంచితనం అనుకుని తీసుకుపోయింది. ఆఫీసులో అందరూ అనుకోవడం ఒక ఎత్తు, సర్వరు చూసేవాడు అన్నాడు కాబట్టి ఆమె నమ్మడం ఒక ఎత్తు. ఎందుకంటే తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆమెను ఎవరూ తీసేయలేదు. ఆమే రావడం మానేసింది. కంప్యూటరు ముట్టవద్దులే, ఊళ్ళు తిరిగి మాట్లాడితే చాలు అని కబురు చేసినా రాలేదు. ఇంకెవరో చేరారు. పెద్దవాళ్ళు మళ్ళీ, మాకు బోర్లే లేవప్పా అన్నారు. నా కాంట్రాక్టు మళ్ళీ రాశారు. తర్వాత ఒక్కో ఆఫీసూ కలిసి నా పని పెరిగింది. చిట్కాలు చెప్పడం మొదలుపెట్టాను. జాగ్రత్త గురించి నాకన్నా బాగా చెప్పేవాడు ఈ జిల్లాలో లేడని అంటారు. సిగ్గు లేకుండా విన్నాను అదంతా.

ఈ మధ్య పని మీద బాగేపల్లి వెళితే ఒక జెరాక్స్ అంగడిలో మంజులమ్మ కనిపించింది. జుట్టు నెరిసింది. కూతురి కాలేజీ అర్జీ ఆన్‌లైనులో వేయించడానికి వచ్చింది. అంతా నింపడం అయింది, చివర ఒక్కసారి నొక్కితే వెళ్ళిపోతుంది. అంగడివాడు, వివరాలు సరిగ్గా ఉన్నాయా చూసుకుని నువ్వే నొక్కమ్మా, తర్వాత నా మీదకు రావొద్దు అంటున్నాడు. ఆమె వెనక్కి జరిగింది. నన్ను చూసి గుర్తుపట్టి, ప్రాణం లేచొచ్చినట్టు, నువ్వు నొక్కన్నా అంది. "నా చెయ్యి మంచిది గాదు."

మా వైపు చెయ్యి మంచిది అనేది చిన్న మాట కాదు. చెనిక్కాయలు విత్తేటప్పుడు మొదటి పిడికెడు ఎవరు వేయాలి, ఊరగాయలో ఉప్పుకారం ఎవరు కలపాలి, కొత్త పాలకుండ ఎవరు పొయ్యి మీద పెట్టాలి, వీటన్నిటికీ ఫలానా ఆమె చెయ్యి మంచిది అని పిలుచుకుపోతారు. కోడలుగా వచ్చిన కొత్తలో మంజులమ్మను అలాగే పిలిచేవాళ్ళట. ఇప్పుడు పిలిచినా తానే పోనంది. నవ్వుతూనే చెప్పింది, ఎప్పుడో అలవాటైపోయిన సంగతి చెప్పినట్టు. నా చెయ్యి యాడ పడితే ఆడ ఖాళీ అయితాదన్నా అంది. నేను ఆమె తరఫున ఆ బటన్ నొక్కాను. అర్జీ వెళ్ళింది. ఆమె దండం పెట్టింది. ఇంటికి వచ్చి కంచంలో సగం వదిలేసి లేచాను. నా భార్య, వయసైపోతాంది మీకు, అంది. అవుననుకున్నాను.

రెండో ఆదివారం పాతపాళ్య వెళ్ళాను. ఎందుకు అంత ఆలస్యం అంటే, మొదటి ఆదివారం బాగేపల్లి దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను కాబట్టి. ఇంటి ముందు అత్తాకోడళ్ళిద్దరూ కందులు చెరుగుతున్నారు. నన్ను చూసి మంజులమ్మ సంబరంగా లేచి, కుర్చీ వేసి, కాఫీ పెడతానంది. వద్దమ్మా, ముందు విను అన్నాను. చెప్పాను. పీట, డిస్కు, తెల్లవారుజామున నడిచే స్క్రిప్టు, నేను పెట్టని రెండు గుర్తులు, ఆ తర్వాత ఎవరూ చూడకుండా పెట్టిన రెండు గుర్తులు. గుర్తుల సంగతి వాళ్ళకు ఎంత అర్థమైందో తెలియదు. మిగతాది అర్థమైంది. చెరగడం ఆగిపోయింది.

మంజులమ్మ ఒకే ఒక్కటి అడిగింది. "బస్టాండులో నేను అడిగినానే, అప్పటికే తెలుసునా నీకు?"

"తెలుసమ్మా," అన్నాను.

ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ముసలామె చేట పక్కన పెట్టి నా వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఆయప్ప గొంతు పోయింది, పోనీ. మనిషే పోయినాడు," అంది. "ఈ బిడ్డ ఇన్నేండ్లు నా ఎదురుగా కూచోని కూడు తినలేదు. నాకు పెట్టేసి, తాను వంటింట్లో గోడ తట్టు తిరిగి తింటాది. ఎందుకే అంటే చెప్పదు. దానికేం చెప్తావప్పా?"

చెప్పేదేమీ లేదమ్మా అన్నాను. క్షమించమని అడగలేదు. అడిగితే, వాళ్ళు ఏదో ఒకటి అనాల్సి వస్తుంది. ఆ పని కూడా వాళ్ళ మీద పెట్టడం ఎందుకనిపించింది. నేను లేచినప్పుడు ముసలామె చేట మళ్ళీ అందుకుంది.

బాగేపల్లిలో చింతామణి బస్సు దొరికింది. ఏడుపు వస్తుందేమో అనుకున్నాను. నిద్ర వచ్చింది. ఏళ్ళుగా బస్సుల్లో కళ్ళు మూసుకుని కూర్చునేవాణ్ణే గానీ నిద్రపోయింది లేదు. ఆ రోజు మాత్రం ఒళ్ళు తెలియకుండా పడుకున్నాను. దిగప్పా, ఊరొచ్చింది అని కండక్టరు భుజం తట్టి లేపాడు. అంత నిద్ర నాకు దక్కాల్సింది కాదేమో. కానీ దక్కింది. దాన్ని కూడా మీ దగ్గర దాచలేను.

ఆ రాత్రి మంజులమ్మ తన అత్త ఎదురుగా కూర్చుని తిన్నదో లేదో నాకు తెలియదు. అడిగే మొహం నాకు లేదు. చెరిపింది నేనేనని మాత్రం ఇప్పుడు ఆ ఇంట్లో ఇద్దరికీ తెలుసు.